సీఏ స్కీము మారిన ఏడాది: పాత పరీక్ష, కొత్త ఆర్టికల్‌షిప్ (నా అనుభవం)

2023 జూన్ 22 గురువారం. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కొత్త స్కీము గెజిట్‌లో వచ్చిందని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రం ఎవరో పెట్టారు. జూలై 1 నుంచి అమలు. మధ్యలో మిగిలినవి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో నేను ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. అది సరైనదో కాదో చెప్పే రిజల్ట్ మాత్రం జూలై మొదటి వారానికి గానీ రాదు. ఇప్పుడు జూనియర్లు నన్ను అడిగేదంతా ఆ రోజుల గురించే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తెనాలి. నాన్నకి బియ్యం కొట్టు ఉంది. ఇంటర్ ఎంఈసీ అయ్యాక గుంటూరులో హాస్టల్లో ఉండి సీఏ మొదటి దశ ఫౌండేషన్, ఆ తర్వాత రెండో దశ సీఏ ఇంటర్ కోచింగ్ తీసుకున్నాను. 2022 నవంబర్‌లో సీఏ ఇంటర్ గ్రూప్-1 ఒక్కటే రాశాను. 2023 జనవరిలో రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను. మేలో గ్రూప్-2 రాసి రిజల్ట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. సరిగ్గా అప్పుడు వచ్చింది ఈ మార్పు.

అప్పటిదాకా ఉన్న పద్ధతి ఇది. ఇంటర్‌లో ఎనిమిది పేపర్లు, గ్రూపుకి నాలుగు. ఒక్క గ్రూపు పాసైనా ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ ఫర్మ్‌లో పనిచేస్తూ నేర్చుకునే ట్రైనింగ్‌లో (ఆర్టికల్స్ అనీ అంటాం) చేరిపోవచ్చు. ఆర్టికల్‌షిప్ మూడేళ్ళు. దాని చివరి ఆరు నెలల్లో ఉండగా ఫైనల్ రాయొచ్చు.

కొత్త పద్ధతిలో ఇంటర్ ఆరు పేపర్లకి తగ్గింది, గ్రూపుకి మూడు. ఆర్టికల్‌షిప్ రెండేళ్ళే. కానీ రెండు గ్రూపులూ పాసైతేనే చేరనిస్తారు. రెండేళ్ళు పూర్తయ్యాక ఆరు నెలలు చదువుకోవడానికి వదిలేస్తారు, ఆ తర్వాతే ఫైనల్. ఫైనల్ కూడా ఎనిమిది నుంచి ఆరు పేపర్లయింది. తీసేసిన సబ్జెక్టుల్లో కొన్నిటిని 'సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్' పేరుతో మనంతట మనం చదువుకుని ఆన్‌లైన్ టెస్టు రాసేలా పెట్టారు.

ఇక నా పరిస్థితి. గ్రూప్-1 ఉంది కాబట్టి జూన్ 30లోపు ఏదైనా ఫర్మ్‌లో చేరితే పాత లెక్కలో మూడేళ్ళ ఆర్టికల్స్ మొదలైపోతాయి. చేరకుండా ఆగితే, మేలో రాసిన గ్రూప్-2 పాసైన పక్షంలో రెండేళ్ళ ఆర్టికల్స్‌లోకి వెళ్తాను. ఫెయిలైతే రెండూ లేవు. ఒక గ్రూపు చేతిలో పెట్టుకుని, ఎక్కడా చేరే వీల్లేక, మళ్ళీ పరీక్ష రాసుకుంటూ కూర్చోవాలి.

మా అటెంప్ట్ రిజల్ట్ వచ్చింది జూలై 5న. గడువు జూన్ 30. మధ్యలో ఐదు రోజుల తేడా. అప్పట్లో ఆ ఐదు రోజుల గురించి నేను పడిన బాధ అంతా ఇంతా కాదు.

విజయవాడలో ఒక ఫర్మ్‌లో మాట్లాడి పెట్టుకున్నాను అప్పటికే. ఆడిట్, జీఎస్టీ పని బాగా ఉన్న మధ్యస్థం ఫర్మ్. 23న సార్‌కి ఫోన్ చేశాను. ఆయన అన్నది ఇదీ: "చేరితే చేరమ్మా, సీటు ఉంది. కానీ తేదీ వెనక్కి వేసి ఫారం పెట్టడం మా దగ్గర కుదరదు. 30లోపు వచ్చి కూర్చుంటేనే ఆ తేదీ వేస్తాను." ఆయన అలా ఖచ్చితంగా చెప్పడం వల్ల నాకు చాలా మేలు జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ వారం ఫోన్లలో, గ్రూపుల్లో నడిచిన మాటలు వేరు. "ఇప్పుడు డీడ్ (ట్రైనింగ్ ఒప్పందం) రాయించుకో, చేరేది తర్వాత చూసుకో", "ఫారం 103 (ట్రైనింగ్ నమోదు ఫారం) పెట్టడానికి ముప్ఫై రోజులు టైముంది కదా, జూలైలో పెట్టినా చెల్లుతుంది" ఇలాంటివి. ఫారం పెట్టడానికి ముప్ఫై రోజుల గడువు ఉన్న మాట నిజమే. కానీ అది చేరిన తేదీ నుంచి లెక్క. చేరిన తేదీ అబద్ధం అయితే మన మూడేళ్ళ ట్రైనింగే అబద్ధం మీద నిలబడుతుంది. ఆ పని చెయ్యొద్దని గట్టిగా చెప్తాను.

ఇంకో పుకారు సీనియర్ల నుంచి వచ్చింది. "భయపడకండి, పాత వాళ్ళకి ఇంకో మూడు నాలుగు అటెంప్ట్లు పాత సిలబస్‌లోనే ఇస్తారు" అని. వాళ్ళు కావాలని తప్పు చెప్పలేదు. 2017లో ఐపీసీసీ అనే పాత రెండో దశ పోయి ఇంటర్ వచ్చినప్పుడు కొన్నేళ్ళపాటు రెండు సిలబస్‌లలోనూ పరీక్షలు పక్కపక్కనే జరిగాయి. వాళ్ళు చూసింది అది. ఈసారి అలా లేదు. ఇంటర్‌కీ ఫైనల్‌కీ 2023 నవంబరే పాత సిలబస్‌లో ఆఖరి పరీక్ష, 2024 మే నుంచి అందరూ కొత్త సిలబస్‌లోనే రాయాలి అని తేల్చేశారు. ఫౌండేషన్‌కి డిసెంబర్ 2023 ఆఖరు, జూన్ 2024 మొదలు. సీఏ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ప్రకటన, దానితో పాటు వచ్చిన ప్రశ్నలూ జవాబులూ ప్రింట్ తీసుకుని నా కేసుకి వర్తించే చోటల్లా పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాకే నాకు ఆ సంగతి అర్థమైంది. అప్పటిదాకా నేనూ సీనియర్ల మాట నమ్మి కొంత నిశ్చింతగానే ఉన్నాను.

ఆదివారం రాత్రి నాన్న కొట్టు కట్టేసి వచ్చాక ఒక తెల్లకాగితం మీద గీత గీసి అటూ ఇటూ రాశాను. నాన్నకి సీఏ గురించి తెలీదు గానీ లెక్క తెలుసు.

ఇప్పుడు చేరితే 2026 జూన్‌కి మూడేళ్ళు. చివరి ఆరు నెలల్లో ఫైనల్ రాయొచ్చు కాబట్టి రెండున్నరేళ్ళకి పరీక్ష. ఆగి రెండేళ్ళది చేస్తే, రెండేళ్ళూ, చదువుకి ఆరు నెలలూ కలిపి అదీ రెండున్నరేళ్ళే. అందరూ "ఒక ఏడాది మిగుల్తుంది" అంటున్నారు. ఫైనల్ రాసే అర్హత వరకు చూస్తే ఏమీ మిగలదు. తేడా అంతా ఆ చివరి ఆరు నెలలు ఎక్కడ గడుస్తాయన్న దాంట్లోనే. పాత దాంట్లో ఆఫీసుకి వెళ్తూ, లీవు అడుగుతూ చదవాలి. కొత్త దాంట్లో పూర్తిగా ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఇంకో తేడా, పాత దాంట్లో చేరితే గ్రూప్-2 ఫెయిలైనా పని నేర్చుకుంటూ మళ్ళీ రాసుకోవచ్చు. కొత్త దాంట్లో పాసయ్యేదాకా తలుపు తెరుచుకోదు.

నాన్న ఆ కాగితం చాలాసేపు చూశారు. "ఆ మే నెల పరీక్ష ఎలా రాశావో నిజం చెప్పమ్మా" అన్నారు. "ఆడిట్ బాగా రాశాను. మిగతా మూడూ అంచు మీద ఉన్నాయి నాన్నా" అన్నాను. "అంచు మీద ఉన్నప్పుడు ఆఫీసులో చేరి మళ్ళీ చదవగలవా?" అని అడిగారు. చదవలేనని నాకు తెలుసు. గ్రూప్-1కే నేను రోజుకి పది గంటలు కూర్చోవాల్సి వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు, క్లయింట్ల దగ్గరికి తిరగడం, రాత్రి హాస్టల్‌కి వచ్చి అడ్వాన్స్‌డ్ అకౌంట్స్ అంటే నా వల్ల అయ్యే పని కాదు. కొందరి వల్ల అవుతుంది, వాళ్ళని చూశాను. అందుకే ఈ విషయంలో ఒకరి నిర్ణయం ఇంకొకరికి పనికిరాదంటాను.

చేరలేదు. 30వ తేదీ శుక్రవారం రోజంతా ఫోన్ పక్కన పెట్టేసి అమ్మతో కలిసి మాగాయకి ముక్కలు ఎండబెట్టే పనిలో ఉన్నాను. నా హాస్టల్ రూమ్మేట్‌కి చిన్నప్పటి స్నేహితుడు, మా బ్యాచ్‌మేట్ కూడా, ఆ రోజే గుంటూరులో చేరాడు. వాడిదీ నా పరిస్థితే, గ్రూప్-1 ఒక్కటే ఉంది.

జూలై 5న రిజల్ట్ వచ్చింది. ఫెయిల్. అడ్వాన్స్‌డ్ అకౌంట్స్ 44, ఆడిట్ 61, ఈఐఎస్-ఎస్ఎం (ఎంటర్‌ప్రైజ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్) 45, ఎఫ్ఎం (ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్)-ఎకనామిక్స్ 43. మొత్తం 193. ఏ పేపర్లోనూ 40కి తగ్గలేదు, కానీ గ్రూపు మొత్తం మీద సగం, అంటే 200 రావాలి. ఏడు మార్కులు తగ్గాయి.

ఆ సాయంత్రం గురించి ఎక్కువ రాయను. అమ్మ ఒక్క మాటా అనలేదు. నేను మాత్రం, ఐదు రోజుల క్రితం చేరి ఉంటే ఇప్పుడు కనీసం ఒక ఆఫీసులో కూర్చుని ఉండేదాన్ని కదా అని రాత్రంతా అనుకున్నాను.

మర్నాడు ఉదయం చేతిలో ఏముందో లెక్క చూసుకున్నాను. ఆడిట్‌లో 60 దాటింది కాబట్టి ఎగ్జెంప్షన్ వచ్చింది. తర్వాతి మూడు అటెంప్ట్ల వరకు ఆ పేపరు మళ్ళీ రాయక్కర్లేదు, ఆ 61 మొత్తంలో కలుస్తుంది. అంటే నవంబర్‌లో మూడు పేపర్లే. ఆ మూడింటిలో కలిపి 139 వస్తే, ఒక్కో దాంట్లో 40 తగ్గకుండా ఉంటే, గ్రూపు అయిపోతుంది. అది పాత సిలబస్‌లో ఆఖరి పరీక్ష. అదీ పోతే 2024 మేలో కొత్త సిలబస్.

ఆ కొత్త సిలబస్‌లోకి పడితే ఏమవుతుందన్నదే నా అసలు టెన్షన్. కొత్త ఇంటర్‌లో పేపర్లు అటూ ఇటూ జరిగాయి. నేను గ్రూప్-2లో చదువుతున్న అడ్వాన్స్‌డ్ అకౌంట్స్ గ్రూప్-1లోకి వెళ్ళింది. నేను గ్రూప్-1లో పాసైన కాస్టింగ్ గ్రూప్-2లోకి వచ్చింది. విడిగా ఉన్న అకౌంటింగ్ పేపరు పోయింది. ఈఐఎస్ పోయింది, ఎకనామిక్స్ పోయింది, మిగిలిన ఎఫ్ఎం, ఎస్ఎం కలిపి చెరో యాభై మార్కులతో ఒకే పేపరు చేశారు. ఆడిట్‌లో ఎథిక్స్ కలిసింది. అన్ని పేపర్లలోనూ 30 మార్కులకి మల్టిపుల్ ఛాయిస్. పాత పేపర్లోని ఎగ్జెంప్షన్ కొత్త ఏ పేపర్‌కి వెళ్తుందో చూపే పట్టిక ఒకటి ఇన్‌స్టిట్యూట్ ఇచ్చింది. ఆ పట్టికని నా టేబుల్ ముందు గోడకి అంటించాను. దాన్ని వాడుకునే అవసరం రాకూడదు అనే కోరికతోనే ఆ నాలుగు నెలలూ చదివాను.

ఆ నాలుగు నెలలూ పాత సిలబస్ వాళ్ళని పట్టించుకునే వాళ్ళు తక్కువ. అది ఎవరి తప్పనీ చెప్పలేను. కోచింగ్ సెంటర్లకి జూలై నుంచి వచ్చే పిల్లలందరూ కొత్త స్కీమువాళ్ళే. మా క్లాసులు ఆగిపోయాయి, పాత రికార్డింగులు ఇచ్చి చూసుకోమన్నారు. డౌట్ వస్తే అడగడానికి సార్‌లు కొత్త నోట్స్ తయారీలో ఉన్నారు. గుంటూరు బ్రాడీపేటలో పుస్తకాల షాపుకి వెళ్తే ఈఐఎస్ ప్రశ్నల పుస్తకం లేదన్నారు, "ఇక తెప్పించం" అన్నారు. చివరికి ఒక అక్క, ఆమె అప్పటికే ఆర్టికల్స్‌లో ఉంది, తన పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి బస్సు పార్శిల్‌లో పంపింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న ఆవిడ నోట్సే నాకు ఆ అటెంప్ట్‌కి టీచరు. డబ్బులు తీసుకోమంటే "నీ తర్వాత ఎవరికీ పనికిరావు గదా, నువ్వైనా చదువు" అంది.

నిజంగానే, ఇక ఎవరూ చదవబోని సబ్జెక్టుని కూర్చుని చదవడం కష్టం. ఎకనామిక్స్ ఫర్ ఫైనాన్స్ 40 మార్కులు. ఆదాయ గుణకం, ద్రవ్య సరఫరా, అంతర్జాతీయ వాణిజ్యం. బాగుండే సబ్జెక్టే, నాకు ఇష్టం కూడా. అయినా పుస్తకం తెరిచినప్పుడల్లా "ఇది తీసేస్తున్నారు కదా" అని మనసు పక్కకి లాగేది. దానికి నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. ఆ 40 మార్కులు నాకు ఎఫ్ఎంలో లేని బలాన్ని ఇస్తాయి అని లెక్క వేసుకోవడం. మే పరీక్షలో నేను ఎఫ్ఎం లెక్కల మీదే పడి ఎకనామిక్స్‌ని చివరి రెండు రోజులకి నెట్టేశాను, 43 అందుకే వచ్చింది. ఈసారి తిప్పి చదివాను. అలాగే అడ్వాన్స్‌డ్ అకౌంట్స్‌లో అకౌంటింగ్ స్టాండర్డ్స్ ముందు పూర్తి చేశాను, పెద్ద లెక్కలు తర్వాత. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఆర్‌టీపీ (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్టు పేపర్లు టైము పెట్టుకుని రాశాను. బయట టెస్ట్ సిరీస్‌లు అప్పటికే కొత్త సిలబస్‌కి మారిపోయాయి కాబట్టి వేరే దారి కూడా లేదు.

గ్రూప్-2 పరీక్షలు నవంబర్ 10న మొదలయ్యాయి. 10న అడ్వాన్స్‌డ్ అకౌంట్స్. 13న ఆడిట్, అది నాకు లేదు. 15న ఈఐఎస్-ఎస్ఎం, 17న ఎఫ్ఎం-ఎకనామిక్స్. మధ్యలో 12న దీపావళి. హాస్టల్లో అందరూ ఇళ్ళకి వెళ్ళారు, మేం నలుగురం ఉన్నాం. రాత్రి టపాసుల మోతలో కిటికీ మూసుకుని ఎస్ఎం చదివాను. పదింటికి కింద వాచ్‌మన్ భార్య నాలుగు ప్రమిదలు తెచ్చి మెట్ల మీద పెట్టి "మీరూ వెలిగించండి పిల్లలూ" అంది. ఐదు నిమిషాలు దిగాం.

2024 జనవరి 9, మంగళవారం. 52, 55, 46, ఆడిట్ 61. మొత్తం 214. పాస్.

నాన్న కొట్లో ఉన్నారు. ఫోన్లో చెప్తే ముందు "ఎంత మీద ఎంత?" అని అడిగారు. చెప్పాను. "అయితే ఇక ఆ గోడ మీద కాగితం పీకెయ్" అన్నారు.

ఇక్కడినుంచి కొత్త స్కీములో నా పని మొదలు. ఆర్టికల్స్‌లో చేరే ముందు ఐసీఐటీఎస్ఎస్ అనే ట్రైనింగ్ పూర్తి చెయ్యాలి. పదిహేను రోజుల ఐటీ ట్రైనింగ్, పదిహేను రోజుల ఓరియెంటేషన్. రిజల్ట్ రాగానే అందరూ ఒకేసారి బ్యాచ్‌ల కోసం ఎగబడతారు. నేను ఐటీ ట్రైనింగ్ ఆ ముందు జూన్‌లోనే, రిజల్ట్ కోసం ఎదురుచూసే రోజుల్లో చేసేశాను. ఆ నెలలో నేను చేసిన మంచి పని అది ఒక్కటే. అందువల్ల జనవరిలో విజయవాడ బ్రాంచ్‌లో ఓరియెంటేషన్ ఒక్కటి చేస్తే సరిపోయింది. నాతో పాసైనవాళ్ళలో రెండూ మిగుల్చుకున్నవాళ్ళు బ్యాచ్ దొరక్క మార్చి దాకా ఆగారు. ఒక నెల ఆలస్యంగా చేరితే ఫైనల్ ఒక అటెంప్ట్ వెనక్కి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, రేపే బ్యాచ్ కోసం చూడండి.

నాకు ఇబ్బంది వచ్చింది పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, అదీ చివర. మన దగ్గర సగం మందికి ఉండే బాధే. ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ పదో తరగతి ప్రకారం చేశాను, బ్యాంకు ఖాతా ఆధార్ ప్రకారం ఉంది. స్టైపెండ్ ఖాతాలో పడాలి, డీడ్ మీద పేరు పోర్టల్లో పేరుతో కలవాలి. మీసేవకి రెండు సార్లు, బ్యాంకుకి మూడు సార్లు తిరిగి ఆధార్‌ని పదో తరగతి ప్రకారం మార్పించుకున్నాకే ముందుకి కదిలింది. ఈ పని ఏ తొందరా లేనప్పుడు చేసి పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 12 సోమవారం చేరాను. అదే ఫర్మ్, అదే సార్. జూన్‌లో చేరనని చెప్పిన అమ్మాయికి సీటు ఉంచుతారని నేను అనుకోలేదు. ఫోన్ చేసి "సార్, రెండు గ్రూపులూ అయ్యాయి" అంటే "ఎప్పుడొస్తావు?" అన్నారు. స్టాంప్ పేపర్ మీద డీడ్ రాసుకోవడం, పోర్టల్లో ఫారం 103 నింపడం, సార్ వైపు నుంచి ఆమోదం, అంతా వారంలో అయిపోయింది.

రెండేళ్ళ ఆర్టికల్స్ గురించి బయట అనుకునేదానికీ లోపల ఉండేదానికీ తేడా ఉంది. సెలవులు ఏడాదికి 12 రోజులే. పాత పద్ధతిలో సీనియర్లు పరీక్షల ముందు నెలల తరబడి లీవు పెట్టడం చూశాను, మాకది లేదు. రెండేళ్ళలో మొత్తం 24 రోజులు. అంతకు మించి పెడితే ఆ రోజులు తర్వాత పనిచేసి పూడ్చాలి. కాబట్టి మూడేళ్ళ పనిని రెండేళ్ళలో నేర్చుకోవాలన్నంత ఒత్తిడి ఉంటుంది. మొదటి ఏడాది నాకు జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు ఆడిట్, ఒక సహకార సంఘం ఆడిట్ దొరికాయి. రెండో ఏడాది టాక్స్ ఆడిట్. మూడో ఏడాది కూడా ఉంటే కంపెనీ ఆడిట్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కదాన్నే చూసేదాన్నేమో అనిపిస్తుంది. జూన్ 30న చేరి మూడేళ్ళ ఆర్టికల్స్ చేస్తున్న ఆ స్నేహితుడు ఇప్పుడు ఆ పని చేస్తున్నాడు, అతని చేతికి వచ్చిన ధైర్యం నాకింకా రాలేదు. ఇది ఒప్పుకోవాలి. కనీస స్టైపెండ్ రెట్టింపు చేసిన మాట మాత్రం నిజంగా ఉపయోగపడింది. విజయవాడలో హాస్టల్ ఫీజుకి సరిపడా కాకపోయినా ఇంటి నుంచి తెచ్చుకునేది తగ్గింది.

స్నేహితుడి కథ కూడా చెప్పాలి కదా. అతను 2023 జూన్ 30న చేరాడు. గ్రూప్-2 ఆ నవంబర్‌లో పోయింది. 2024 మేలో కొత్త సిలబస్‌లోకి మారాల్సి వచ్చింది. ఆ మే పరీక్షల తేదీలు ఎన్నికల వల్ల మారాయి కూడా. మనకి మే 13న పోలింగ్, దాని చుట్టూ పేపర్లని జరిపారు. అప్పుడూ కాలేదు. మంచి ఏమిటంటే 2024 నుంచి ఫౌండేషన్, ఇంటర్ పరీక్షలు ఏడాదికి మూడు సార్లు పెట్టడం మొదలుపెట్టారు. ఇదివరకైతే మే పోతే నవంబర్ దాకా ఆగాలి. అతనికి సెప్టెంబర్‌లోనే ఇంకో అవకాశం వచ్చింది, ఆఫీసు చేస్తూనే రాసి అప్పుడు పూర్తి చేశాడు. ఇప్పుడు 2026 మే ఫైనల్‌కి చదువుతున్నాడు. నాకు 2026 ఫిబ్రవరి 11తో రెండేళ్ళు అవుతాయి, ఆరు నెలలు కలిపితే సెప్టెంబర్ అటెంప్ట్. ఒక అటెంప్ట్ అతను ముందు. కానీ నేను ఆ ఆరు నెలలూ ఇంట్లో ఉంటాను, అతను మార్చి నెలాఖరు బ్యాంకు ఆడిట్లలో తిరుగుతూ చదవాలి. ఎవరిది మంచి నిర్ణయం అని మమ్మల్ని అడుగుతుంటారు. మేమిద్దరం ఒకరి స్థానంలో ఇంకొకరం ఉంటే ఇద్దరం కష్టపడేవాళ్ళం అనే నాకు అనిపిస్తుంది. అతను పని చేస్తూ చదవగలడు, నేను చదవలేను.

ఇప్పుడు నా ముందున్నది సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్. ఫైనల్ రాయాలంటే నాలుగు సెట్లూ పాసవ్వాలి, ఒక్కో దాంట్లో 50 శాతం. సెట్-ఏ కార్పొరేట్, ఎకనామిక్ లాస్ (చట్టాలు). సెట్-బి స్ట్రాటజిక్ కాస్ట్ అండ్ పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్. ఈ రెండూ అందరికీ తప్పనిసరి. పాత ఫైనల్‌లో ఇవి పెద్ద పేపర్లు. సి, డి సెట్లలో జాబితా నుంచి ఒక్కొక్కటి మనం ఎంచుకోవచ్చు. నేను సి లో దివాలా చట్టం, డి లో రాజ్యాంగం, వాదన కళ ఉన్నది తీసుకున్నాను. ఆర్టికల్స్ మొదటి ఏడాది చివర్లో సి, డి పూర్తి చేశాను. ఇందులో ఉన్న మేలు, టెస్టు తేదీ మనమే బుక్ చేసుకోవచ్చు. ఇందులో ఉన్న ప్రమాదమూ అదే. ఎవరూ తరమరు కాబట్టి వాయిదా వేసుకుంటూ పోతాం. మా ఆఫీసులో నాతో చేరిన ఇద్దరు ఇంకా ఒక్క సెట్టూ రాయలేదు, "స్టడీ పీరియడ్‌లో రాస్తాం" అంటున్నారు. ఆ ఆరు నెలలు ఫైనల్ ఆరు పేపర్లకే చాలవు. అందులోనూ ఆఖరి పేపర్, ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్, పుస్తకాలు చూసి రాసే కేస్ స్టడీల పేపరు. అందులో మాడ్యూల్స్‌లోని లా, కాస్టింగ్ కూడా కలుస్తాయి. మాడ్యూల్స్‌ని ఏదో పాసైపోతే చాలన్నట్టు చదివినవాళ్ళకి అక్కడ ఇబ్బంది వస్తుందని నా అనుమానం.

ఇంకొక్క విషయం చాలామందికి తెలీదు, అందుకని రాస్తున్నాను. ఫైనల్ ఎంతకీ కాక ఆగిపోయేవాళ్ళకి కొత్త స్కీములో 'బిజినెస్ అకౌంటింగ్ అసోసియేట్' అనే సర్టిఫికెట్ పెట్టారు. ఇంటర్ పాసై, ఆర్టికల్స్, ట్రైనింగులు, మాడ్యూల్స్ పూర్తి చేసినవాళ్ళకి అది ఇస్తారు. మా వీధిలో ఒక అన్నయ్య పాత పద్ధతిలో ఫైనల్ ఎన్నిసార్లో రాసి వదిలేశాడు. ఇంటర్ పాసై, మూడేళ్ళు ఆడిట్లు చేసి కూడా, ఉద్యోగానికి వెళ్తే బీకాం అని మాత్రమే రాసుకోవాల్సి వచ్చింది. అతనిలాంటి వాళ్ళకి ఇది పదేళ్ళ ముందు ఉండాల్సింది.

సెట్-ఏ నవంబర్‌లో రాశాను, పాసయ్యాను. సెట్-బి కి వచ్చే శనివారం మధ్యాహ్నం స్లాట్ దొరికింది. సార్‌ని అడిగితే ఆ రోజు లీవు కింద రాయొద్దు, పొద్దున వచ్చి వెళ్ళమన్నారు. నా 24 రోజుల్లో ఇంకా ఐదు మిగిలి ఉన్నాయి, వాటిని సంక్రాంతికి ఉంచుకున్నాను.